అప్పటికే అక్కడున్న హిమజ

ఆగండి ఆగండి, చేతిలో ఫోను కాసేపు బోర్లా పెట్టి ఇది వినండి. పూర్తిగా వినండి. మధ్యలో లేచి వెళ్లిపోతే తప్పంతా హిమజదే అనుకుంటారు. కాదు. తప్పు ఒక నీలంరంగు రాయిది.

హిమజ అంటే ఇప్పిలి వారి అమ్మాయి. ఇరవై ఆరేళ్లు, విశాఖలో చదువుకుంది, చిన్న జలాశయాల నిర్వహణ మండలిలో అసిస్టెంట్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడు నెలలు. ఆమెకి రెండు పిచ్చులు. మొదటిది పని. చేరిన రెండు నెలల్లోనే తన పరిధిలో ఉన్న నలభై మూడు జలాశయాలకీ స్కూటీ వేసుకుని వెళ్లి, ప్రతి గట్టూ ఎక్కి, ప్రతి షట్టరూ తట్టి చూసొచ్చింది. ఆ ఆఫీసులో అలా ఎవరూ చెయ్యరు. పైఅధికారి డి.ఈ. పట్టాభిరామయ్య గారు ఇరవై రెండేళ్ల సర్వీసులో చూసినవి నాలుగు. ఆ నాలుగూ మంచి భోజనం దొరికే దారిలో ఉన్నాయి కాబట్టి చూశారు.

రెండో పిచ్చి 'వజ్రఖండం' అనే వీడియో గేము. రాజ్యాలు, కోటలు, గుర్రం మీద కత్తి పట్టుకున్న అమ్మాయి, ఎటు చూసినా అంతు దొరకని లోకం. లంచ్ గంటలో డబ్బాలో అన్నం ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో టాబ్ మీద అదే ఆడుతుంది. సరిగ్గా అలాంటి ఒక లంచ్ గంటలోనే మండలి చీఫ్ ఇంజనీరు భుజంగరావు గారు తనిఖీకి వచ్చారు. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ ఆమె బల్ల వెనకాల ఆగిపోయారు.

"ఇందాక మంచుకొండ మీద ఉన్నావు కదమ్మా. ఓడరేవులోకి ఎప్పుడొచ్చావు?"

హిమజ గొంతులో అన్నం అడ్డుపడింది. కానీ ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. ఇక గేము గురించి ఎవరైనా అడిగితే హిమజ ఆగదు కదా!

"ఫాస్ట్ ట్రావెల్ సార్! ఈ లోకం చాలా పెద్దది సార్, గుర్రం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గంటన్నర పడుతుంది. అందుకని అక్కడక్కడా ఇలాంటి రాళ్లుంటాయి. మొదటిసారి మాత్రం మనమే వెళ్లి ముట్టుకోవాలి. ముట్టుకోగానే నీలంగా వెలుగుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా సరే, మ్యాపులో నొక్కితే చాలు, అక్కడుంటాం. కానీ తెలివిగా వాడాలి సార్. ముందు ఎత్తు మీదున్న రాళ్లన్నీ ముట్టుకుని రావాలి, అక్కణ్నుంచి ఎటైనా దిగిపోవచ్చు. ఒకవైపు పనులన్నీ కలిపి పెట్టుకోవాలి. బరువెక్కువ మోస్తుంటే కుదరదు. చుట్టుపక్కల శత్రువులుంటే అస్సలు కుదరదు, అక్కణ్నుంచి కదలనివ్వదు. ఇంకోటి సార్, అస్తమానూ వాడకూడదు. దారిలో ఉన్నవన్నీ పోతాయి. నాకు ఈ కత్తి దొరికింది వాగు పక్కన నడిచి వెళ్తుంటేనే."

చివరి నాలుగు మాటలూ చీఫ్ గారి చెవిన పడలేదు. అప్పటికే ఆయన కళ్లు నీలంగా వెలుగుతున్నాయి.

"మన వాళ్లకి సగం సర్వీసు జీపులోనే గడిచిపోతోంది," అని గొణుక్కున్నారు. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి కారెక్కేశారు.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. పేరు 'త్వరిత గమన విధానం'.

"ఇందుమూలముగా యావన్మంది క్షేత్ర సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఒక అధికారి ఒక జలాశయమును ఒక పర్యాయము స్వయముగా దర్శించిన పిమ్మట, సదరు స్థలమునకు తిరిగి భౌతికముగా పోవలసిన ఆవశ్యకత లేదు. యాప్ నందు సదరు స్థలమును నొక్కిన మరుక్షణము సదరు అధికారి అచ్చట ఉన్నట్లు భావించబడును."

ప్రతి జలాశయం దగ్గరా నడుమెత్తు రాయి ఒకటి పాతారు. నీలం రంగు వేశారు. దాని పేరు గమన శిల. జీపులు వెనక్కి తీసేసుకున్నారు. అందరికీ ఒకరోజు శిక్షణ పెట్టారు. చీఫ్ గారు వేదిక మీద నిలబడి చెప్పారు, "మిత్రులారా, ప్రయాణమన్నది పాలనకు శత్రువు. ఇకపై మన శాఖలో గమ్యం ఉంటుంది, గమనం ఉండదు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో లేచి, దస్త్రాలు వెంట తీసుకెళ్లొచ్చా సార్ అని అడిగారు. "ఐదు కిలోలకు మించరాదు. బరువు అధికమైనచో గమనము సంభవించదు," అన్నారాయన. మర్నాడే ఆఫీసులోకి కాటా వచ్చింది. యాప్ నొక్కబోయే ముందు అటెండరు తవిటయ్య ఫైళ్లు తూచేవాడు. ఎక్కడికీ వెళ్లని ఫైళ్లని, ఎక్కడికీ వెళ్లని మనిషి కోసం, గ్రాములతో సహా.

యాప్ కూడా చాలా సులువు. జలాశయం పేరు నొక్కాలి. కిందనే తనిఖీ ఫలితం అని ఉంటుంది. అందులో రెండే ఉంటాయి: సంతృప్తికరం, మిక్కిలి సంతృప్తికరం. వేరే ఫలితాలు ఎందుకు పెట్టలేదంటే, అవి వస్తే ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సి ఉంటుంది కాబట్టి.

ఇక్కడ హిమజ కథ మలుపు తిరిగింది. ఒకసారైనా చూసిన వాళ్లకే ఆ చోటు తెరుచుకుంటుంది కదా. డి.ఈ. గారికి నాలుగే తెరుచుకున్నాయి. మిగతా వాళ్లలో ఒకరికి రెండు, ఒకరికి ఒకటిన్నర. ఆ అర ఏమిటంటే, ఆయన జీపు దిగలేదు. హిమజకి మాత్రం నలభై మూడుకి నలభై మూడూ. దాంతో మొత్తం సబ్ డివిజన్ తనిఖీలన్నీ ఆమె నెత్తిన పడ్డాయి.

"అదృష్టవంతురాలివమ్మా," అన్నారు పట్టాభిరామయ్య గారు మనస్ఫూర్తిగా. "నలభై మూడు చోట్లా నువ్వే!"

మొదటి వారం ఆమెకీ బాగానే ఉంది, అబద్ధమెందుకు. ఫ్యాను కింద కూర్చుని పావుగంటలో జిల్లా చుట్టొచ్చేది. గేములోలాగే తూర్పువైపువన్నీ కలిపి ఒకసారి, పడమటివన్నీ కలిపి ఒకసారి. నెలాఖరుకి 'గమన రత్న' అని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

రెండో నెలలో ఎర్రమ్మ వచ్చింది.

చినగెడ్డ జలాశయం కింద దిగువపేట అని ఎనభై గడపల ఊరుంది. ఆ ఊరి మనిషి ఎర్రమ్మ. పొలం పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకి మట్టి ఇంకా ఆరలేదు. తవిటయ్య గుమ్మంలోనే ఆపేశాడు.

"మేడం గారు నేరమ్మా."

"మరి ఆ కుర్సీలో కూకున్నదెవురు?"

"ఆవిడ మేడం గారే. కానీ ఇక్కడ నేరు. పదిన్నర నుంచి మీ సినగెడ్డ కాడే ఉన్నారు. ఇదిగో, యాప్‌లో సూడు."

"నిన్న మూడు గంటలు ఆ నీలం రాయి కాడ కూకున్నానయ్యా! అక్కడే సెప్పుకోమన్నారని సెప్పుకున్నాను. గట్టు ఊటేస్తంది, పెద్ద వానొస్తే మా పేటంతా కొట్టుకుపోతాది, షట్టర్లు ఓపాలి ఎత్తి సూడండమ్మా అని. ఊ అన్లేదు, ఆ అన్లేదు ఆ రాయి."

"విన్నట్లు భావించబడును," అన్నాడు తవిటయ్య. ఉత్తర్వులో ఆ మాట అతనికి తెగ నచ్చేసింది.

హిమజ కుర్చీలోంచి లేచి గబగబా వచ్చింది. "ఎక్కడ ఊటేస్తోంది? షట్టర్ల పక్కనా, గట్టు మధ్యలోనా?"

ఎర్రమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వు మాటాడకమ్మా. నువ్వు నేవంట గదా," అనేసి వెళ్లిపోయింది.

ఆ మాట హిమజకి తగలాల్సిన చోటే తగిలింది. వెంటనే యాప్ తీసింది. ఊట అని రాయడానికి చోటు లేదు. వెతికి వెతికి, ఉన్న రెండింట్లో తక్కువ మెచ్చుకోలుది నొక్కింది: సంతృప్తికరం. డి.ఈ. గారి గదిలోకి వెళ్లి, సార్, నేనొకసారి వెళ్లి చూసొస్తాను అంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎక్కడికి?"

"చినగెడ్డకి సార్."

"నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. మళ్లీ ఎలా వెళ్తావు?"

"నిజంగా వెళ్తాను సార్."

"అదే, దాన్నే ద్వంద్వ గమనం అంటారు. పదకొండో నిబంధన చదవలేదా? ఉన్నచోటికి మళ్లీ వెళ్లడం. సస్పెన్షనే. అయినా ఊటేస్తోందో లేదో నన్నడుగుతావేంటి? అక్కడుండి చూస్తున్నది నువ్వు, నీకే తెలియాలి!"

మరో పది రోజులకి వాయుగుండం పట్టింది. ముందురోజంతా కురిసి, తెల్లారినా ఆగలేదు. ఉదయం ఎనిమిదికి మండలి చినగెడ్డకి ఎర్ర హెచ్చరిక జారీ చేసింది. హెచ్చరిక రాగానే యాప్ తనంతట తానే హిమజని అక్కడికి పంపేసింది. తొమ్మిది నలభైకి ఆమె తరఫున ఫలితం కూడా అదే నింపుకుంది: మిక్కిలి సంతృప్తికరం. హిమజ ఆ సమయానికి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో ఈదుతున్న ప్లాస్టిక్ కుర్చీని చూస్తోంది.

చినగెడ్డ షట్టర్ల గదికి రెండు తాళాలు. ఒక తాళంచెవి అక్కడి లస్కరు దగ్గరుంటుంది. లస్కరంటే షట్టర్లకి కాపలా ఉండి, చెప్పినప్పుడు ఎత్తి దించే మనిషి. రెండో తాళంచెవి ఇంజనీరు సొరుగులో. ఇద్దరూ కలిస్తే తప్ప మిగులు నీటి షట్టర్లు లేవవు. లేవకపోతే నీరు గట్టు మీద బరువంతా వేసి, ఊటేస్తున్న చోటే తెగ్గొట్టుకుని దిగువపేట మీద పడుతుంది. ఈ లెక్క హిమజకి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోనే చెప్పారు. ఇక ఎవర్నీ అడగలేదు. సొరుగు లాగి తాళంచెవి తీసుకుని, రెయిన్‌కోటు తగిలించుకుని, స్కూటీ తీసింది. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. మూడుచోట్ల చెట్లు పడ్డాయి, ఒకచోట స్కూటీని నలుగురు పట్టుకుని వాగు దాటించారు. పదకొండున్నరకి గట్టు ఎక్కింది.

లస్కరు గౌరినాయుడు షట్టర్ల గది ముందు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఆమెని చూడగానే మొహం వెలిగింది, ఆ వెంటనే వాడిపోయింది.

"ఆగండి! ఎవురు మీరు?"

"అదేంటి గౌరినాయుడు గారూ, నేను! హిమజని!"

"నాకు తెల్దేటమ్మా, మీరేనని. ఉజ్జోగంలో కొత్తగా సేరినప్పుడు మీరు ఈ మెట్ల మీదే కూకుని నా సద్దన్నం తిన్నారు. కానీ మేడం గారు పొద్దున్న ఎనిమిదికే వొచ్చీసినారు. ఇదిగో ఫోన్లో సూపిస్తంది. ఆవిడ నోపలున్నాక మల్లీ ఆవిడే బయట్నుంచి వొస్తే, ఎవులో ఒకులు దొంగ గదా?"

"లోపల ఎవరూ లేరు కదా!"

"నేరు. కానీ ఉన్నారు." గౌరినాయుడు గొంతు తగ్గించాడు. "పక్క సబ్ డివిజన్‌లో పెదగెడ్డ లస్కరు మొన్న వాళ్ల నిజం డి.ఈ. గార్ని నోనకి ఒదిలీసినాడని ఉజ్జోగం తీసీసినారమ్మా. నాకు ఎనిమిది నెలలే ఉన్నాది."

హిమజ గట్టు అవతలికి చూసింది. నీటిమట్టం చూపే కొలబద్ద మీద ఎర్రగీతకి జానెడు దిగువన ఉంది నీరు. ఇవతలివైపు గడ్డిలోంచి మట్టినీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ కిందే దిగువపేట. ఒక ఇంటి కప్పు మీద ఎవరో బరకం కప్పుతున్నారు.

"సరే. ముందు ఆ హిమజని ఇక్కణ్నుంచి పంపేద్దాం. అప్పుడు నేను లోపలికి రావచ్చు కదా?"

"అప్పుడైతే తప్పు నేదు."

యాప్ తీసింది. పక్క జలాశయం పేరు నొక్కింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "ప్రమాద హెచ్చరిక అమలునందున్నది. సదరు స్థలము నుండి నిష్క్రమణము సాధ్యపడదు."

శత్రువులు చుట్టూ ఉంటే కదలనివ్వదు. ఆ సంగతి చీఫ్ గారికి నోరారా వివరించింది ఎవరో గుర్తొచ్చి హిమజ నెత్తి కొట్టుకుంది. అంటే, తాను లేని చోటునుంచి తాను వెళ్లడానికి లేదు. వెళ్తే తప్ప తాను ఉన్న చోటికి రావడానికి లేదు.

డి.ఈ. గారికి ఫోను చేసింది. ఎత్తారు. "చినగెడ్డ నుంచే కదా చేస్తున్నావు? అక్కడుండాల్సిన మనిషి అక్కడుంది, ఇంకేం కావాలమ్మా?" అని పెట్టేశారు.

నీరు ఇంకో రెండు వేళ్లు పెరిగింది. హిమజ తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, ఇంజనీరులా ఆలోచించడం మానేసి ఆఫీసులా ఆలోచించింది.

"గౌరినాయుడు గారూ, మేడం లోపల ఉన్నారు. ఔనా?"

"ఔను."

"మేడం ఒప్పుకుంటే బయటి మనిషిని సాయానికి లోపలికి పంపొచ్చు. ఔనా?"

"ఔను. రూలున్నాది."

"అయితే వెళ్లి అడగండి. ఎవరో ఆడమనిషి వచ్చింది, షట్టర్లెత్తడానికి సాయపడతానంటోంది, రానివ్వమంటారా అని."

గౌరినాయుడు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నీలం రాయి దగ్గరికి వెళ్లి, చెప్పులు విప్పి, గొడుగు పక్కకి వంచి, ఉన్నదున్నట్టు అడిగాడు. తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?"

"ఏటీ అన్లేదమ్మా."

"మన మండలిలో పావుగంటలో జవాబు రాకపోతే?"

"అనుమతి ఇచ్చినట్టు భావించబడును!" గౌరినాయుడు గొంతు పగిలేలా అరిచాడు.

సరే, పావుగంట. ఊహించుకోండి. ఒకే గొడుగు కింద ఇద్దరు మనుషులు. ఆమె చేతిలో ఒక తాళంచెవి, ఆయన చేతిలో ఒక తాళంచెవి. ఆరడుగుల దూరంలో తలుపు. ఇద్దరూ ఫోనులో గడియారాన్నే చూస్తున్నారు. నీరు ఎర్రగీతని ముట్టుకుంది. ఐదు నిమిషాలు తగ్గిద్దామా అంది హిమజ. "వొద్దమ్మా. సేసిందంతా పాడవుద్ది," అన్నాడాయన. దిగువన బరకం కప్పుతున్న మనిషి పని ఆపి వీళ్ల వైపు చూస్తోంది. ఎర్రమ్మే అయ్యుండాలి.

పదిహేనో నిమిషం నిండగానే ఇద్దరూ పరిగెత్తారు. తాళాలు తీశారు. చక్రం తుప్పు పట్టి కదల్లేదు. గౌరినాయుడు భుజం ఆనించాడు, హిమజ గోడకి కాళ్లు తన్నిపెట్టి లాగింది. చక్రం కీచుమంది, ఒక పన్ను తిరిగింది, తర్వాత ఇంకొకటి. మొదటి షట్టరు లేచింది. నీరు ఏనుగులా అరుచుకుంటూ గెడ్డవాగులోకి దూకింది. రెండోది లేచేసరికి ఆమె అరచేతుల్లో తోలు లేదు. ఒంటిగంటకల్లా మట్టం మూరెడు దిగింది. గట్టు నిలబడింది.

అప్పుడు గౌరినాయుడు రిజిస్టరు తీశాడు. ఆయనకి అబద్ధం రాయడం రాదు, నిబంధన తప్పడమూ రాదు. తడి చేత్తో ఇలా రాశాడు: "మేడం గారి అనుమతితో ప్రవేశించిన గుర్తుతెలియని స్త్రీ ఒకరు. వయసు ఇరవై ఆరు." సంతకం చెయ్యమన్నాడు. గుర్తుతెలియని స్త్రీ సంతకం ఎలా ఉండాలా అని కాసేపు ఆలోచించి, హిమజ ఒక గీత గీసింది.

వారం తిరగకుండా మండలి సమావేశమైంది. చినగెడ్డ కాపాడబడింది. త్వరిత గమన విధానానికి ఇంతకంటే ఋజువేముంది? ఉదయం ఎనిమిదికల్లా స్థలంలో ఉండి పరిస్థితిని మిక్కిలి సంతృప్తికరంగా నడిపించిన అసిస్టెంట్ ఇంజనీరు హిమజకి శాలువా కప్పారు. చీఫ్ గారు ఆమె అరచేతుల కట్లు చూసి, "వంట చేస్తూ కాల్చుకున్నావా అమ్మా? జాగ్రత్త," అన్నారు.

ఆ వెంటనే రెండో అంశం. అపరిచిత స్త్రీ ఒకరు నిషిద్ధ ప్రాంతంలోకి ప్రవేశించి ప్రభుత్వ షట్టర్లను తాకినట్లు రిజిస్టరు వల్ల తెలుస్తోంది. ఇది తీవ్రమైన విషయం. విచారణ జరిపించాలి. విచారణాధికారిగా ఎవర్ని వెయ్యాలన్న దానిమీద పెద్దగా చర్చ జరగలేదు. ఘటన జరిగినప్పుడు స్థలంలో ఉన్న ఏకైక అధికారి హిమజే కదా!

ఉత్తర్వుతో వచ్చిన నివేదిక ఫారంలో రెండే ఖాళీలు. మొదటిది, సదరు స్త్రీ పేరు. పేరు తేలితే ఆమె ఉద్యోగి అయిన పక్షంలో తొలగించి, ఆమెపై కేసు పెట్టాలి. లస్కరుకి దోషం లేదు. రెండోది, లస్కరు పేరు. ఆ స్త్రీ పేరు తేలకపోతే, ఎవరో తెలియని మనిషిని లోపలికి వదిలినందుకు లస్కరుని తొలగించాలి. పెన్షను ఉండదు. నివేదిక అదే రోజు సాయంత్రం ఐదింటికల్లా చేరాలి.

మధ్యాహ్నం మూడింటికి గౌరినాయుడు వచ్చాడు. ఒకటో నంబరు సాక్షి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తవిటయ్య ఆయన్ని ఆమె ఎదురుగా కూర్చోబెట్టి, పక్కన నిలబడి రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. శాఖ ఇచ్చిన ప్రశ్నల కాగితమే హిమజ చదవాలి, వేరే మాట మాట్లాడకూడదు.

"ఆ రోజు వచ్చిన స్త్రీని మీరు అంతకుముందు ఎప్పుడైనా చూశారా?"

"నేదండి."

"మళ్లీ చూస్తే గుర్తుపడతారా?"

గౌరినాయుడు తలెత్తాడు. ఆమె మొహాన్ని, కట్లు కట్టిన చేతుల్ని, ఆ చేతుల్లో ఉన్న పెన్నుని తీరిగ్గా చూశాడు.

"వాన జోరుగా ఉన్నాదండి. మొకం ఆన్లేదు. ఎవురో మంచి తల్లి. రాసుకోండి, నానే ఒదిలీసినాను. తప్పు నాదే."

"బాబాయ్..." అంది హిమజ.

"ఆ మాట కాయితంలో నేదు మేడం," అన్నాడు తవిటయ్య నెమ్మదిగా.

గౌరినాయుడు లేచి, నమస్కారం పెట్టి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు నాలుగూ యాభై. రెండు ఖాళీలూ అలాగే ఉన్నాయి. ఒక దాంట్లో రాస్తే ఆమె పోతుంది. ఆమెతో పాటు నలభై మూడు జలాశయాల్నీ కళ్లారా చూసిన ఒక్కగానొక్క ఇంజనీరూ పోతుంది, ఇంకో వాయుగుండం సముద్రం మీద పుడుతోందని పొద్దుటి వార్తల్లో చెప్పారు. రెండో దాంట్లో రాస్తే బెంచీ మీదున్న మనిషి పోతాడు. పెన్ను మూత తీసే ఉంది.

మీరైతే ఏ ఖాళీ నింపుతారు?